డబ్బామీది 8కె

టెలివిజన్ కొట్టుకు వెళితే 4కె సెట్ల నడుమ ఎక్కడో ఒక మూల '8కె' సెట్టు కనిపిస్తుంది. ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది. "రేపు రాబోయే వీడియో ఆటల యంత్రాలన్నీ 8కె చూపుతాయి నాన్నగారూ, యిప్పుడే కొనేద్దాం" అని పిల్లలు పోరుపెడితే ఏం చెప్పాలి?

చుక్కల ముగ్గు వేసే యిల్లాలికి యీ సంగతి యిట్టే బోధపడుతుంది. తెరమీది బొమ్మ అంతా చుక్కలే. ఫుల్ హెచ్‌డి తెరమీద అవి సుమారు 20 లక్షలు, 4కెలో 83 లక్షలు. 8కెలో అడ్డంగా 7,680, నిలువుగా 4,320. వెరసి 3 కోట్ల 31 లక్షల పైచిలుకు!

సినిమా ముందే తీసివుంచిన బొమ్మ. ఆట అలా కాదు. పిల్లవాడు మీట నొక్కినకొద్దీ యంత్రం అప్పటికప్పుడు బొమ్మ గీయాలి. సెకనుకు 60 బొమ్మలంటే, సుమారు 200 కోట్ల చుక్కలకు రంగు వేయాలన్నమాట!

2020 నవంబరులో సోనీవారి ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు డబ్బామీద '8కె' అని అచ్చువేశారు. 2021లో 'ది టూరిస్ట్' అనే చిన్న ఆటను ఆ యంత్రంచేత 8కెలో గీయించారు కూడా. తీరా తెరకు చేరేసరికి అది కుదించిన 4కె బొమ్మే! ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. 2024లో కొత్త డబ్బాలమీద ఆ గుర్తు మాయమయింది. ఆ నవంబరులోనే వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో మాత్రం 'గ్రాన్ టూరిస్మో 7' వంటి కొద్ది ఆటలను 8కెలో చూపగలుగుతున్నది.

సరే, రేపటి యంత్రాలు అన్ని ఆటలనూ అలాగే చూపుతాయనుకుందాం. చూడవలసింది మన కన్నే కదా! 55 అంగుళాల 4కె తెరకు నాలుగడుగుల దూరం దాటి కూర్చుంటే, మామూలు చూపుకు చుక్కలు విడివిడిగా ఆనవు. మన యిళ్లలో తెరకూ సోఫాకూ మధ్య ఏడెనిమిది అడుగులుంటాయి. అంత దూరాన చుక్కలు నాలుగింతలు చేసినా కంటికి దక్కేది స్వల్పం.

అందుచేత ఆటలకోసం టెలివిజన్ కొనేవారు మంచి 4కె సెట్టు చూసుకుంటే చాలును. హెచ్‌డిఎమ్‌ఐ 2.1 తీగె తగిలించే వీలున్నదా, సెకనుకు 120 బొమ్మలు చూపుతుందా అని దుకాణంలో అడగండి. బొమ్మ తడబడకుండా కదిలితే పిల్లవాడికి వెంటనే తెలుస్తుంది. మిగిలిన డబ్బుతో వాడు ఆడుకోవడానికి నాలుగు ఆటలు కొనవచ్చును.