ఊరివారి వాద్యబృందము – అతిథులైన ఒపేరా గాయకులు

విద్యార్థులారా! ఒక పట్టణమున ఒక దంతవైద్యుడు, ఒక ఉపాధ్యాయిని, ఒక తపాలా ఉద్యోగి, ఒక కళాశాల విద్యార్థి కలరనుకొనుడు. వీరు వారమున కొక సాయంకాలము తమ పనులు ముగించుకొని ఒకచోట చేరుదురు. ఒకరిచేత ఫిడేలు, ఒకరిచేత పిల్లనగ్రోవి, మరియొకరిచేత బాకా ఉండును. రెండు మూడు గంటలు కలసి వాయించి యిండ్లకు పోవుదురు. వీరిలో పెక్కుమందికి ఇందులకు జీతము లేదు. అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములందు చిన్న పట్టణములలో సైతము ఇట్టి బృందములు కలవు. వీనికి 'కమ్యూనిటీ ఆర్కెస్ట్రా' అని పేరు. మన మాటలో 'ఊరివారి వాద్యబృందము' అనవచ్చును. ఇట్టి బృందములు జరుపు కచేరీలలో జనులు మిక్కిలి మక్కువతో వచ్చునది 'పాప్స్ కచేరీ'. కొన్ని వేళల దానికి ఒపేరా గాయకులు అతిథులుగా వత్తురు. ఆ కచేరీ యెట్టిదో, అందు మనము తెలిసికొనదగిన దేమో వివరించెదను.

మొదట పేరు మాట. 'పాప్స్' అనునది 'పాప్యులర్' అను ఆంగ్లపదమునకు సంక్షిప్తరూపము. జనరంజక మని దాని భావము. అమెరికాలోని బోస్టను నగరమున హెన్రీ లీ హిగ్గిన్సన్ అను ధనికుడు 1881లో ఒక గొప్ప వాద్యబృందమును స్థాపించెను. శీతకాలమున గంభీరమైన సంగీతము వాయించు ఆ కళాకారులకు వేసవిలో పని లేకుండెను. వారికి జీవనము కల్పింపవలెను; సామాన్యజనులకు తేలికగా అందు సంగీతమును వినిపింపవలెను. ఈ రెండు ఉద్దేశములతో 1885లో వేసవి కచేరీలు ప్రారంభమైనవి. శ్రోతలు బల్లల చుట్టును కూర్చుండి, ఫలహారములు స్వీకరించుచు వినుట వాని ప్రత్యేకత. 1930 మొదలు 1979లో మరణించు వరకు ఆర్థర్ ఫీడ్లర్ వీనిని నడపెను. అంతకు ముందే, 1929లో, ఆయన నదీతీరమున ఆరుబయట ఉచిత కచేరీలను ఆరంభించెను. 1976 జూలై 4వ తేదీన అచట జరిగిన కచేరీకి సుమారు నాలుగు లక్షల మంది వచ్చిరని చెప్పుదురు. ఈ పద్ధతియే క్రమముగా చిన్న ఊళ్ల బృందములకును మార్గదర్శక మైనది.

ఇక ఒపేరా యన నేమి? మాటలకు బదులు పాటతోనే నడచు నాటకము. అది ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునందు సుమారు 1600 ప్రాంతమున పుట్టినది. 1637లో వెనీసు నగరమున టిక్కెట్టు కొన్నవా రెవరైనను చూడదగిన మొదటి ఒపేరాశాల తెరువబడినది. అంతవరకు అది రాజుల, ప్రభువుల ముంగిట నిలిచిన కళ. మనకు యక్షగానము తెలియును. త్యాగరాజస్వామి రచించిన 'ప్రహ్లాదభక్తివిజయము', 'నౌకాచరిత్రము' గేయనాటకములే. కనుక పాటతో కథ చెప్పుట మనకు క్రొత్త కాదు.

పాప్స్ కచేరీలో ఒపేరా నంతయు ప్రదర్శింపరు. అందలి ప్రసిద్ధమైన పాటలను మాత్రము ఏరి పాడుదురు. మన పద్యనాటకములలోని పద్యములను విడిగా పాడించుకొని 'వన్స్ మోర్' అని కేకలు వేయుట పెద్దలు ఎరిగినదే. ఇదియు అట్టిదే. బిజే రచించిన 'కార్మెన్' నుండి ఒక పాట తరచుగా వినవచ్చును. 1875లో పారిస్ నగరమున అది మొదట ప్రదర్శింపబడినప్పుడు ఆదరణ పొందలేదు. మూడు మాసములకే, ముప్పది యారేండ్ల వయస్సున, బిజే మరణించెను. తన పాటలను ఊరూర జనులు కూనిరాగము తీయుదురని ఆయన యెరుగడు! డెలీబ్ రచించిన 'లక్మే' అను ఒపేరా 1883 నాటిది. దాని కథ జరుగునది మన దేశముననే. 'లక్ష్మి' అను పేరే ఫ్రెంచివారి నోట 'లక్మే' అయినది. ఆమె తండ్రి నీలకంఠుడు, చెలికత్తె మల్లిక. ఈ ఇద్దరు యువతులు పూలు కోయబోవుచు కలసి పాడు పాట లోకప్రసిద్ధము. ఆ కథలోని భారతదేశము చాలవరకు ఊహాకల్పితమే. పాట మాత్రము మధురము.

ఈ పాటల నడుమ వినోదవాద్యములును ఉండును. లిరాయ్ ఆండర్సన్ 1950లో రచించిన 'ది టైప్‌రైటర్' అను కృతిలో నిజమైన టైపుయంత్రమే వాద్యము! దాని టకటకలు, పంక్తి చివర మ్రోగు గంట, తాళమునకు సరిగా పడవలెను. నేడు కార్యాలయములనుండి ఆ యంత్రము తొలగిపోయినను, కచేరీ వేదికపై నేటికిని అది చిన్నలను, పెద్దలను నవ్వించుచున్నది.

ఒపేరా గాయకులను గూర్చి మీరు తప్పక తెలిసికొనవలసిన విశేష మొకటి కలదు. నాటకశాలలో వారు సాధారణముగా మైకు లేకయే పాడుదురు. అరువది మంది వాద్యకారుల ధ్వనిని దాటి ఒక్క కంఠము చివరి వరుసకు ఎట్లు చేరును? అది కేవలము అరపు వలన కాదు. వాద్యబృందపు ధ్వనిబలము సెకనుకు సుమారు 500 కంపనముల ప్రాంతమున మిక్కుటము. అంతకు పైన అది తగ్గుచు పోవును. శిక్షితుడైన గాయకుడు కంఠనాళమును మలచుకొని, సుమారు 3000 కంపనముల చెంత తన నాదమునకు బలము కూర్చును. అచట వాద్యములు బలహీనములు; మన చెవియో ఆ ప్రాంతమున మిక్కిలి చురుకైనది. కావున ఆ కంఠము వాద్యఘోషమున మునిగిపోదు. ఏండ్ల సాధన లేనిదే ఇది అలవడదు. ఆరుబయలు కచేరీలలో మాత్రము మైకు తప్పదు.

ఇట్టి గాయకులు వచ్చినప్పుడు ఊరి బృందమునకు నిజమైన పరీక్ష యెదురగును. అతిథులు వచ్చునది సామాన్యముగా కడపటి అభ్యాసములకే. గాయకుడు ఉన్నతస్వరముపై ఒక క్షణ మధికముగా నిలువవచ్చును, ఒకచోట త్వరపడవచ్చును. బృందమునకు ఎదుట నిలిచి చేతితో కాలము చూపువానిని 'కండక్టరు' అందురు. బస్సులో టిక్కెట్టు లిచ్చువాడు కాడు సుమా! ఆయన గాయకుని ఊపిరిని కనిపెట్టి చేయి ఆపును. అందరి చూపును ఆ చేతిపైననే ఉండవలెను. వాయించుటకంటె తగ్గి వాయించుట కష్టము. మన కచేరీలలో ఫిడేలు విద్వాంసుడు గాయకుని వెన్నంటి పోవుట చూచినవారికి ఈ కష్టము తెలియును. అచట ఒక్కడు చేయు పనిని ఇచట అరువదిమంది ఏకమనస్కులై చేయవలెను.

'ఉన్నతమైన సంగీతమును ముక్కలు చేసి వినోదముగా అమ్ముట తగునా?' అని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. పాట మాత్రమే విన్నవానికి కథలోని దుఃఖము తెలియదు. ఐనను గడప దాటనిదే గర్భగుడి చేరలేము గదా! ఒక పాట విన్న బాలుడు పూర్తి నాటకమును వినగోరవచ్చును. తన పంటివైద్యుడే ఫిడేలు వాయించుట చూచిన బాలిక, 'ఇది నాకును సాధ్యమే' అని తలపవచ్చును. ఈ తలపే ఆ కచేరీ వలన ఊరికి కలుగు ముఖ్యలాభము.

ఇది దూరదేశపు ముచ్చట యని తలపకుడు. మనము నివసించు తమిళనాటనే తంజావూరు ప్రాంతమున మెలట్టూరు గ్రామము కలదు. అచట ఏటేట నృసింహజయంతి సమయమున భాగవతమేళ నాటకములు జరుగును. ఆ నాటకములను రచించిన మెలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగున రచించెను. వేషములు కట్టువారిలో పలువురు వేరువేరు ఉద్యోగములలో నుండి, ఆ దినములకు ఊరు చేరి, దైవసేవగా ఆడుదురు. చుట్టును తమిళము వినవచ్చుచుండగా, రాత్రివేళ వేదికపై తెలుగు పాట నేటికిని నిలిచియున్నదన్న, దానికి కారణము దానితో పొట్టపోసికొనువారు కారు, దానిని ప్రేమించువారే. 'అమెచ్యూర్' అను మాటకు లాటిను మూలమున 'ప్రేమించువాడు' అనియే అర్థము.

కళకు గాని, భాషకు గాని విద్వాంసులు అవసరమే. అతిథిగా వచ్చు గొప్పగాయకుడు మనకు శిఖరమును చూపును. కాని కచేరీ ముగియగానే ఆయన వెడలిపోవును. మరువారము సాయంకాలము తిరిగి వచ్చి, కుర్చీలు సవరించుకొని, శ్రుతి కలుపుకొనువారు ఊరివారే. మన పాఠశాలలో తెలుగు చదువుకొను మీరును అట్టి ఊరివారే యని మరువకుడు.