నోరులేని రోగికి సీసాలో సాక్ష్యం

ఎండాకాలం అనంతపురంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే రోడ్డు మీద మనుషులే కనిపించరు. ఆ వేళ ఆగి ఉన్న లారీ కిందో, టీ కొట్టు బల్ల కిందో ఓ కుక్క నాలుక వేలాడేసుకుని పడుకుని ఉంటుంది. ఒళ్లంతా పుండ్లు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చాలామంది చూసి వెళ్లిపోతారు. కొందరు బిస్కెట్ వేస్తారు. ఎవరో ఒకరు మాత్రం గోనెసంచిలో చుట్టి ఇంటికి తీసుకెళతారు. పెంచుకోవడానికి కాదు... బతికించి, కోలుకున్నాక మంచి ఇల్లు చూసి పంపించడానికి. నగరాల్లో దీన్నే ఫోస్టరింగ్ అంటున్నారు. మనకు పని పాతదే, పేరే కొత్తది.

తెచ్చిన రోజే అసలు చిక్కు మొదలవుతుంది. వయసెంత? టీకాలు వేశారా? ఎన్నాళ్లుగా తినడం లేదు? పశువుల డాక్టరు అడిగే ఏ ప్రశ్నకూ మన దగ్గర జవాబు ఉండదు. పెంపుడు కుక్కయితే యజమాని చెబుతాడు. ఈ అతిథి గతం ఎవరికీ తెలియదు. దానికా నోరు లేదు. ఇక మాట్లాడాల్సింది దాని మలం, మూత్రం, రక్తం, చర్మమే. వాటిని సరిగ్గా పట్టి, చెడిపోకుండా డాక్టరు చేతిలో పెట్టగలిగితే సగం వైద్యం అయినట్టే.

చెడిపోకుండా... అన్నమాట దగ్గరే అనంతపురం వాళ్లకు కష్టం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ. పల్లె నుంచి బస్సెక్కి పట్నంలో ఆస్పత్రికి చేరేసరికి మనిషే వాడిపోతాడు. ప్లాస్టిక్ కవరులో మూటగట్టిన శాంపిల్ సంగతి చెప్పేదేముంది!

ఫ్రిజ్‌లోనా? రామ రామ!

(టిఫిన్ చేస్తూ చదువుతున్నవారు ఈ భాగాన్ని కాసేపయ్యాక చదువుకోండి.)

నీరసించిన వీధికుక్కకు ముందుగా చేయించేది మల పరీక్ష. ఒక చెంచాడు చాలు. మెడికల్ షాపులో కొద్ది రూపాయలకే దొరికే మూత డబ్బా తెచ్చుకోండి. చేతికి గ్లౌజు, అదీ లేకపోతే పాలిథిన్ కవరు తొడుక్కుని, మట్టి అంటని పైభాగం నుంచి తీయాలి. ఎందుకంటే మట్టిలోనూ సన్నటి పురుగులుంటాయి. అవి కలిస్తే మైక్రోస్కోపులో చూసేవారు తికమక పడతారు. కుక్కల్లో తరచూ కనిపించే కొంకిపురుగు గుడ్లు ఈ వేడికి ఒక్క రోజులోనే పొదుగుతాయి. అప్పుడు ఆ పిల్ల పురుగు కడుపులోదో నేలలోదో తేల్చడం కష్టం. ఈ కొంకిపురుగే పేగు గోడలు పట్టుకుని రక్తం తాగుతుంది. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మలం తారులా నల్లగా వస్తుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

వెంటనే వెళ్లలేకపోతే డబ్బాను రెండు కవర్లలో చుట్టి, ఇంకో డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ‘అన్నం పెట్టే ఫ్రిజ్‌లోనా?’ అని ఇంట్లో గొడవ ఖాయం. పెద్దవాళ్ల మాటా కాదనలేం. అలాంటప్పుడు వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, కవరులో చుట్టిన డబ్బాను అందులో దించితే సరి. ఆ తర్వాత ఆ ఫ్లాస్కు దీనికే! ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. గడ్డకడితే గుడ్లు పగిలిపోతాయి. ఒకసారి చూస్తే ఏమీ దొరకలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు. జియార్డియా లాంటివి రోజూ మలంలో కనిపించవు. అందుకే రోజు విడిచి రోజు మూడుసార్లు తెమ్మంటారు.

కుక్కపిల్ల వాంతులు చేసుకుంటూ, దుర్వాసనతో రక్తవిరేచనాలు అవుతుంటే మాత్రం డబ్బాల కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అది పార్వో కావచ్చు. పిల్లనే తీసుకుని పరుగెత్తాలి. అక్కడ దూది పుల్లతో కొద్దిగా మలం తీసి, కిట్‌తో నిమిషాల్లో తేలుస్తారు. 1970ల చివర్లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుంది. మనం ఎంతో నమ్మే ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి కడగాలి. ఇంట్లో వేరే కుక్క ఉంటే కొత్తదాన్ని దూరంగా ఉంచడం తప్పనిసరి.

మూత్రం పట్టడం ఓ విద్య. పొద్దున్నే మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు వెనకాలే పాత గరిటె పట్టుకుని నడవాలి. వీధివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆడకుక్కయితే లోతు తక్కువ పళ్లెం కిందికి తోయాలి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టి, గంటలోగా చేర్చాలి. బయట వదిలేస్తే బ్యాక్టీరియా పెరిగి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. కాలెత్తి ఎంత ముక్కినా చుక్క రాకపోతే అది శాంపిల్ తెచ్చే వేళ కాదు, ఆస్పత్రికి వెళ్లే వేళ.

మందు తర్వాత... ముందు రక్తం

మన ప్రాంతపు రాతి గోడల సందులు గోమార్లకు చక్కటి ఇళ్లు. పిడుదులని కూడా అంటారు వీటిని. కుక్క చెవుల్లో, వేళ్ల మధ్య ఇవి గుత్తులుగా ఉండి, జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే గోమారి జ్వరమేమోనని చూడాలి. 1960ల చివర్లో వియత్నాంలో అమెరికా సైన్యం వెంట ఉన్న కుక్కలను వందల సంఖ్యలో బలి తీసుకున్నది ఇలాంటి జ్వరమే. రక్తం డాక్టరే తీస్తారు, మనం ప్రయత్నించకూడదు. మనం చేయాల్సిందల్లా అంతకుముందు ఏ మందూ వేయకపోవడం. రెండు యాంటీబయోటిక్ మాత్రలు వేసి తీసుకెళితే క్రిమి దొరక్క జబ్బు మరుగున పడుతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివైతే పరీక్షను చెడగొట్టడం కాదు, కుక్క ప్రాణానికే ముప్పు. ఇక మందు మొదలయ్యాక ఐదో రోజుకే లేచి తిరుగుతోందని ఆపేస్తారు చాలామంది. ఈ జ్వరానికి దాదాపు నాలుగు వారాల కోర్సు ఉంటుంది.

గజ్జికీ ఇదే సూత్రం. డాక్టరు చర్మాన్ని గీకి చూసేదాకా నూనెలు, పూతలు రాయొద్దు. ఇంజిన్‌లోంచి తీసిన నల్లనూనె పూయడం మన పల్లెల్లో మామూలే. కుక్క దాన్ని నాకుతుంది. గజ్జి పోయేదేమో గానీ లోపలికి విషం వెళుతుంది.

మందకు కావలి... మందకే చేటు

వీధికుక్క కడుపులో ఏముందో మనకెందుకు అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. అనంతపురం గొర్రెల సీమ. ఆదివారం వేట పడితే కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలు, తలకాయ మిగుళ్లు కుక్కలకు విసిరేస్తారు. వాటిలో నీటితిత్తులుంటే కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. ఆ గుడ్లు మలంతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రెల్లోకి చేరతాయి. ఒక రకం గొర్రె మెదడులో చేరి, అది ఒకేవైపు గిరగిరా తిరిగి పడిపోయేలా చేస్తుంది. ఈ తిరుగుడు కాపరులకు బాగా తెలుసు. కానీ దాని మూలం పక్కనున్న కుక్కలో ఉందని ఎంతమందికి తెలుసు? మరో రకం మనుషుల్లోనూ కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడుతుంది. ఈ రెండు రకాల గుడ్లూ మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయి. అందుకని డాక్టర్లు బద్దెపురుగు మందు ఎలాగూ వేస్తారు. మందుకు పురుగు చస్తుంది గానీ గుడ్లు చావవు. కాబట్టి తర్వాత రెండు మూడు రోజుల మలాన్ని కాల్చేయడమో లోతుగా పాతేయడమో చేయాలి.

ఒక్క సందర్భంలో మాత్రం డబ్బా, గరిటె పక్కన పెట్టేయాలి. కుక్క ఉన్నట్టుండి స్వభావం మార్చుకుని, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెడతారు. రేబిస్ అంటుకునేది అలాగే. బతికున్న కుక్కలో దీన్ని నమ్మకంగా తేల్చే పరీక్ష లేదు. చనిపోయాక మెదడు నుంచి తీసిన శాంపిల్‌నే బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట చూస్తారు. కరిచినా, చొంగ గాయానికి తగిలినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ప్రభుత్వాస్పత్రికి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. తరచూ కుక్కల్ని చేరదీసేవారు ముందే టీకా వేయించుకుంటే మేలు.

రవాణా దొరక్కపోతే 1962కు ఫోన్ చేసి అడగొచ్చు. 2022లో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పశువుల కోసమే అయినా, చిన్నపాటి పరీక్షల సరంజామా వాటిలో ఉంటుంది.

వీటన్నిటితోపాటు ఓ నోటు పుస్తకం పెట్టుకోండి. ఎప్పుడు తిన్నది, ఎన్ని నీళ్లు తాగింది, వాంతి ఏ రంగు, జ్వరం ఎంత. మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది కుక్కకు. మనకు జ్వరమైతే దానికి ఆరోగ్యమన్నమాట! దగ్గు, మూర్ఛ వస్తే సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రి బల్ల మీద అవి రమ్మన్నప్పుడు రావు. కోర్సు పూర్తయిన కొన్ని వారాలకు మళ్లీ ఒకసారి మల పరీక్ష చేయించి, రిపోర్టులన్నీ ఆ పుస్తకంలో పిన్ను చేయండి. దత్తత తీసుకునేవాళ్లు వచ్చిన రోజు గొలుసుతో పాటు దాన్నీ వాళ్ల చేతిలో పెట్టండి.