ధాతుపేటికల్లో లంకెబిందెలు ఉండవు

బౌద్ధ స్తూపాల్లో ధాతువులతోపాటు (పూజకోసం దాచిన అస్థికలతోపాటు) లంకెబిందెలు పూడ్చిపెట్టారన్న నమ్మకం రాయలసీమలోని పాత దిబ్బలను నాశనం చేస్తోంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గుప్తనిధుల పేరిట పాడుబడిన గుళ్లను, రాకాసి గుళ్లను, ఊరి బయటి ఇటుక దిబ్బలను రాత్రిళ్లు తవ్వేస్తున్నారు. అంజనం వేసి చోటు చూపేవాడు ఒకడు, దానికి డబ్బు పెట్టేవాడు ఇంకొకడు.

స్తూపగర్భంలో ఏముంటుందో తెలుసుకోవడానికి అంజనం అక్కర్లేదు. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో మూడు రాతి పేటికలను వెలికితీశాడు. వాటిలో స్ఫటికపు భరిణెలు, ఎముక ముక్కలు, పూసలు, ముత్యాలు, చిన్న చిన్న బంగారు పూలు దొరికాయి. నాగార్జునకొండ మహాచైత్యంలో మరో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్‌కు దొరికిన ధాతువు ఒక బుల్లి ఎముక ముక్క. అది ఉన్న బంగారు భరిణె వ్యాసం అంగుళం కూడా లేదు. పైగా అది స్తూపం నట్టనడుమ లేదు, పక్కనున్న ఒక అరలో ఉంది. నడిమధ్యన గొయ్యి తవ్వేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

బంగారం బొత్తిగా ఉండదని అనలేం. ఉంటుంది, పూజకు పెట్టినంత. 1898లో పిప్రహ్వా స్తూపంలో దొరికిన రత్నాలను 2025లో హాంకాంగ్‌లో వేలానికి పెట్టబోతే భారత ప్రభుత్వం అడ్డుకుంది, చివరికి అవి దేశానికి తిరిగివచ్చాయి. అయితే వాటికి అంత విలువ వచ్చింది ఏ స్తూపంలో, ఏ పేటికలో, ఏ శాసనంతోపాటు దొరికాయో నమోదై ఉండటం వల్లనే. చీకట్లో పెకలించిన పూసకు ఆ ఆధారం ఉండదు. భట్టిప్రోలు పేటికల మీది అక్షరాలు క్రీస్తుకు పూర్వం నాటివి. కుబేరకుడనే రాజు పేరు, తెలుగు లిపి పుట్టుక గురించిన కీలకమైన సాక్ష్యం వాటివల్లే మిగిలాయి. పలుగు దెబ్బకు అలాంటి రాయి పగిలితే ఆ పేరు మళ్లీ దొరకదు.

ఇక రెండో అపోహ: ధాతువు బుద్ధునిదేనా అన్నది డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుందన్నది. దహనమైన ఎముకలో డీఎన్‌ఏ మిగలడం అరుదు. మిగిలినా పోల్చి చూడటానికి బుద్ధునిదని రుజువైన నమూనా ఎక్కడా లేదు. కార్బన్ పరీక్ష కాలాన్ని చెప్పగలదు, మనిషిని చెప్పలేదు. పేటిక మీది శాసనం మాత్రం ఒక సంగతి గట్టిగా చెబుతుంది: పేటికను పూడ్చినవాళ్లు అది బుద్ధుని ధాతువేనని నమ్మారు. భక్తుడి నమ్మకాన్ని సైన్స్ ముద్ర వేసి ఖాయం చేయదు, కొట్టివేయనూ లేదు. అందుకే నాగార్జునకొండ ధాతువు సారనాథ్ విహారంలో పూజలందుకుంటోంది. దాని తవ్వకపు నివేదిక పరిశోధకులకు పనికొస్తోంది. రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఇంకా కొన్ని అపోహలున్నాయి. ధాతువులు వాటంతటవే పెరుగుతాయన్న మాటకు కొలిచి చూపిన ఆధారం లేదు. ఇరిడియం కలిసిన పాత రాగిపాత్ర బియ్యాన్ని లాగుతుందనే ‘రైస్ పుల్లింగ్’ పచ్చి మోసం, రాగికైనా ఇరిడియానికైనా ఆ గుణం లేదు. ‘పాండవ గుళ్లు’, ‘రాకాసి గుళ్లు’ పాండవులవీ రాక్షసులవీ కావు, ఇనుపయుగపు సమాధులు. వాటిలో ఉండేవి ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు. రాయలసీమకు బౌద్ధం రాలేదనడమూ తప్పే. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శాసనాలు, తిరుపతి నుంచి కడప వెళ్లే దారిలో నందలూరు దగ్గర బౌద్ధ శిథిలాలు ఉన్నాయి.

పొలం దున్నేటప్పుడు పెద్ద ఇటుకలు, చెక్కిన రాయి, మూతవేసిన పాత్ర బయటపడితే అక్కడితో నాగలి ఆపాలి. పాత్రను తెరవకూడదు, కడగకూడదు, చోటు మార్చకూడదు. ఫొటో తీసి తహసీల్దారుకు, పురావస్తు శాఖకు తెలపాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయడం తప్పనిసరి. దాచిపెడితే శిక్ష పడుతుంది. రాత్రిపూట దిబ్బ దగ్గర తవ్వకాల చప్పుడు వినిపిస్తే ఒంటరిగా వెళ్లి అడ్డుపడకుండా వెంటనే పోలీసులకు ఫోన్ చేయాలి.