ఆరు గ్లాసుల పరీక్ష



బురద నీళ్లలో పటిక తిప్పితే నీళ్లు తేటపడతాయి. ఈ సంగతి మనందరికీ తెలుసు. వెనకటి రోజుల్లో మన పెద్దవాళ్లు కడవ లోపలి వైపు చిల్లగింజ అరగదీసేవాళ్లు. ఆ నీళ్లు కూడా తేరుకునేవి. మునగ గింజల పొడికీ ఆ గుణం ఉంది.

ఫ్యాక్టరీల మురుగునీటిని శుభ్రం చేసే చాలా చోట్ల కూడా పటిక లాంటి మందులే వాడతారు. మరి ఎంత వెయ్యాలి? చిటికెడా? గుప్పెడా? ఈ ప్రశ్న మా రాత్రి బడిలో వచ్చింది.

"ఎంత ఎక్కువ వేస్తే అంత తేటగా అవుతాయి గదా సారూ!" అంది ఒక పెద్దమ్మ.

"నిజమో కాదో చేసి చూద్దాం పెద్దమ్మా" అన్నాను.

నీళ్లు ఎందుకు తేరుకోవు?

ఇసుక నీళ్లలో వేస్తే వెంటనే అడుగుకు పోతుంది. కాని సన్నటి మట్టి రేణువులు అలా దిగవు. అవి చాలా చిన్నవి. వాటన్నిటి మీదా ఒకే రకం విద్యుత్తు ఉంటుంది. అందుకని ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. కలవవు, బరువెక్కవు, దిగవు.

పటిక వేస్తే ఆ నెట్టుడు తగ్గుతుంది. రేణువులు దగ్గరికి చేరి దూది పింజల్లా అవుతాయి. పింజ పెద్దదైతే బరువెక్కి కిందికి దిగుతుంది. కొన్నిచోట్ల పటికతో పాటు పాలిమర్ అనే మందు కూడా కొద్దిగా వేస్తారు. అది పొడుగాటి దారం లాంటిది. చిన్న పింజలను కలిపి పెద్ద పింజలుగా కడుతుంది.

మేం చేసిన పరీక్ష

ముందురోజు వాన పడింది. వీధి కాలవలో బురద నీళ్లు పారుతున్నాయి. ఒక బకెట్‌తో తెచ్చాం. ఒకే కొలత ఉన్న ఆరు గాజు గ్లాసులు తీసుకున్నాం. ఒక్కో గ్లాసులో 200 మిల్లీలీటర్ల మురుగు పోశాం.

తర్వాత 10 గ్రాముల పటిక పొడిని ఒక లీటరు మంచినీళ్లలో కరిగించాం. అంటే ఒక మిల్లీలీటరు పటిక నీళ్లలో 10 మిల్లీగ్రాముల పటిక ఉంటుంది. సూది తీసేసిన సిరంజితో కొలిచి ఇలా పోశాం.

మొదటి గ్లాసులో ఏమీ పొయ్యలేదు.
రెండో గ్లాసులో 1 మిల్లీలీటరు.
మూడో గ్లాసులో 2.
నాలుగో గ్లాసులో 3.
ఐదో గ్లాసులో 4.
ఆరో గ్లాసులో పెద్దమ్మ మాట ప్రకారం ఏకంగా 20.

ఆరుగురు ఆరు చెంచాలు పట్టుకున్నారు. ఒక నిమిషం గబగబా తిప్పారు. అప్పుడే పటిక అంతటా కలుస్తుంది. ఆ తర్వాత పావుగంట నెమ్మదిగా తిప్పారు. అప్పుడు పింజలు కడతాయి. గబగబా తిప్పితే కట్టిన పింజలు విడిపోతాయి. తర్వాత అరగంట కదపకుండా ఉంచాం. పెద్ద పరీక్షశాలల్లో ఈ పని మిషను చేస్తుంది. ఆరు పాత్రల్లో ఆరు తెడ్లు ఒకే వేగంతో తిరుగుతాయి.

ఏం జరిగింది?

మొదటి గ్లాసు బురదగానే ఉంది. రెండోదీ మూడోదీ కొంచెం తేరుకున్నాయి. నాలుగోదీ ఐదోదీ బాగా తేటపడ్డాయి. మరి ఆరోది? మసక మసకగానే ఉంది!

"అదేంది సారూ, అంత పోసినా!" అని పెద్దమ్మ ఆశ్చర్యపోయింది.

పటిక మితిమీరితే రేణువులు మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నీళ్లు పులుపెక్కుతాయి. అప్పుడు పింజలు సరిగా కట్టవు. మందు దండగ, పని చెడు.

ఇక నాలుగోదా, ఐదోదా? రెండూ ఒకేలా తేటపడ్డాయి కాబట్టి తక్కువ పట్టిన నాలుగోదే మేలు. లెక్క చూడండి. నాలుగో గ్లాసు లెక్కన లీటరుకు 150 మిల్లీగ్రాములు. ఐదో గ్లాసు లెక్కన 200. రోజుకు పది లక్షల లీటర్ల మురుగు వచ్చేచోట 150 కిలోలతో పోయే పనికి 200 కిలోలు వేసినట్టు. తేడా 50 కిలోలు. అంటే రోజుకో బస్తా!

ఈ కొలత అన్ని నీళ్లకూ పనికిరాదు. వాన పడితే నీళ్లు మారతాయి. ఫ్యాక్టరీలో పని మారితే మురుగు మారుతుంది. అందుకే ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చెయ్యాలి. ముందు గ్లాసులో చూసుకోవాలి, తర్వాతే తొట్టిలో వెయ్యాలి.

నేను చేసిన తప్పు

మేం లెక్కల్లో మునిగి ఉన్నాం. ఇంతలో పెద్దమ్మ మనవడు వచ్చాడు. నాలుగేళ్లవాడు. దాహం వేసి తేటగా ఉన్న నాలుగో గ్లాసు అందుకున్నాడు. పెద్దమ్మ ఒక్క ఉదుటున లేచి లాగేసుకుంది. నా గుండె గుభేలుమంది. గ్లాసులు పిల్లలకు అందేచోట పెట్టింది నేనే.

తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు. పటికతో బురద దిగుతుంది. దాంతో పాటు కొన్ని సూక్ష్మక్రిములు కూడా దిగుతాయి. కాని అన్నీ పోవు. విరేచనాలు, కలరా, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనపడవు. నీళ్లలో కరిగిపోయినవి కూడా దిగవు. ఉప్పు నీళ్లలో పటిక వేస్తే ఉప్పు పోతుందా? పోదు గదా! మురుగులో కరిగిన విషాలు చాలావరకు అట్లాగే ఉండిపోతాయి. అడుగున దిగిన మడ్డిలోనూ క్రిములుంటాయి. దాన్ని బావి దగ్గరా చెరువులోనూ పారబొయ్యకూడదు. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అందుకే మురుగునీటి శుద్ధిలో పటిక ఒక మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఇంకా మెట్లున్నాయి.

మర్నాడు పెద్దమ్మ సుద్దముక్క తీసుకుంది. పరీక్ష గ్లాసులు పెట్టే చెక్క మీద 'తాగరాదు' అని కూడబలుక్కుని రాసింది. తర్వాత ఆ చెక్కను ఎత్తి అటక మీద పెట్టింది.

"రాత మనకు సారూ. వాడికింకా చదువు రాదు గదా!" అంది.

ఆలోచించండి:
1. గబగబా తిప్పిన తర్వాత నెమ్మదిగా ఎందుకు తిప్పాలి?
2. లీటరుకు 150 మిల్లీగ్రాముల పటిక కావాలంటే 1000 లీటర్లకు ఎన్ని గ్రాములు కావాలి?
3. మీ వీధి మురుగు చివరికి ఎక్కడ కలుస్తోంది? వెళ్లి చూసి నాలుగు వాక్యాలు రాయండి.