విమానచోదకుని నాసిక

ఆకాశయానము చేయు చోదకునకు కన్నులును చెవులును ఎంత ముఖ్యమో ఎల్లరకు తెలిసినదే. నాసిక కూడ అతనికొక పనిముట్టని చెప్పినచో కొందరికి వింతగా తోచవచ్చును. ముప్పదియైదువేల అడుగుల యెత్తున, తలుపులు బిగించిన లోహపు గదిలో కూర్చున్నవానికి వాసన ఏ త్రోవను వచ్చును?

చాల జెట్ విమానములలో ఇంజను బయటిగాలిని పీల్చి గట్టిగా అదుమును. వేడెక్కిన ఆ గాలిలో కొంత భాగమును చల్లార్చి లోపలి గదులకు పంపుదురు. కావున అడవి తగులబడుచోట పొగవాసనయు, నేలపై వరుసలో నిలిచినపుడు ముందున్న విమానపు కిరసనాయిలు వాసనయు లోనికి వచ్చును. తక్కువ యెత్తున ఎగురు చిన్న విమానములలో గాలి నేరుగానే చొరబడును. అట్టి విమానము మన కళింగపట్నము తీరము వెంబడి పోయినచో ఎండుచేపల వాసనయు, పలాస దాపున జీడిపిక్కలు కాల్చు పొగయు, సంక్రాంతినాళ్ళలో భోగిమంటల పొగయు చోదకునకు సోకవచ్చును.

అయితే పెద్ద విమానమున నాసిక మందగించును. లోపలి గాలి ఒత్తిడి ఆరు మొదలు ఎనిమిదివేల అడుగుల కొండపై నుండునంతయే. అనగా మన అరకులోయకు రెట్టింపు యెత్తు. తేమయు మిక్కిలి తక్కువ. ముక్కు ఎండుటచే భోజనము చప్పగా తోచును. పైగా ఎడతెగని వాసనకు ముక్కు త్వరలోనే అలవాటుపడును. చోదకులు మరచిన వాసనను, అప్పుడే ఆ గదిలో అడుగిడిన పరిచారిక పసిగట్టుట కలదు.

వాసన చెప్పిన మాటకు రెండు ఉదాహరణములు చాలును. 1982 జూన్ 24 రాత్రి ఇండోనీషియా మీదుగా పోవుచున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానములో గంధకపు వాసన వ్యాపించెను. అది గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిద. పొడి బూడిద వాతావరణ రాడారునకు కనబడదు. నాలుగు ఇంజనులును ఆగిపోయినవి. కెప్టెన్ ఎరిక్ మూడీ విమానమును క్రిందికి జార్చగా, బూడిద దాటిన పిమ్మట ఇంజనులు మరల అందుకొనినవి. జకార్తాలో అందరును క్షేమముగా దిగిరి. 1998 సెప్టెంబరు 2న స్విస్ ఎయిర్ 111వ విమానపు చోదకులకు ఏదో వాసన సోకెను. గాలిని చల్లబరచు యంత్రమునుండి వచ్చినదని మొదట తలచిరి. నిజమునకు కప్పు వెనుక నిప్పు అంటుకొనినది. సుమారు ఇరువది నిమిషములలో విమానము కెనడా తీరపు సముద్రమున కూలి 229 మంది మరణించిరి. తేలికగా అంటుకొను ఆ కప్పులోపలి పొరలను తరువాత తీసివేయించిరి.

అందుచేత నేటి చోదకులు పొగగాని, అనుమానపు వాసనగాని తగిలినచో ముందుగా ప్రాణవాయువు ముసుగు ధరించి, ఆపైన కారణము వెదకుదురు. మాడిన వాసన విద్యుత్తీగెలను, మురికి మేజోళ్ళ కంపు ఇంజను నూనెను తలపునకు తెచ్చును. మిక్కిలి ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడునకు మాత్రము వాసనయే లేదు. దానిని పసిగట్టుటకు వేరుగా పరికరము కావలెను.

ఈ నీతి ఇంటికిని వర్తించును. వంటగ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. కారినపుడు తెలియుటకై దుర్వాసనను కలుపుదురు. అది తగిలినచో స్విచ్చి వేయక, అగ్గిపుల్ల గీయక, మొదట సిలిండరు కట్టి కిటికీలు తెరువవలెను. రేడియోపెట్టె వెనుక మాడిన వాసన వచ్చినను పాట ముగియువరకు ఆగక తీగె ఊడదీయవలెను.