‘డంబ్’ అంటే తెలివితక్కువ అనేనా?

లెక్క తప్పు చేసిన పిల్లాడిని ‘డంబ్’ అంటాం. నచ్చని సినిమాను ‘డంబ్ మూవీ’ అంటాం. ఇంట్లో తెలుగు మాట్లాడినా, ఉర్దూ మాట్లాడినా ఈ ఇంగ్లిష్ మాట మధ్యలో దొర్లిపోతూనే ఉంటుంది. అసలు దీని అర్థం ఏమిటి?

పాత ఇంగ్లిష్‌లో ‘డంబ్’ అంటే మూగ. ఉర్దూలో ‘గూంగా’ అంటామే, అదే. జిమ్‌లో ఎత్తే డంబెల్ పేరులో ఆ పాత అర్థం ఇంకా ఉంది. ఒకప్పుడు చర్చి గంట తాడు లాగినట్టు కసరత్తు చేసే పరికరం ఉండేది. లాగుతారు, కానీ గంట మోగదు. అందుకే అది ‘మూగ గంట’. జర్మన్‌లో దీనికి చుట్టమైన ‘డుమ్’ అనే మాటకు తెలివితక్కువ అని అర్థం. ఆ ప్రభావంతో 19వ శతాబ్దంలో అమెరికా ఇంగ్లిష్‌లో ‘డంబ్’కు కూడా ఈ అర్థం బాగా వ్యాపించింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఒకే మాటలో రెండు అర్థాలు కలిసిపోయేసరికి, మాట్లాడలేనివాళ్లకు తెలివి ఉండదన్న అపోహకు బలం చేకూరింది. నిజానికి పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో చాలామందికి గొంతు బాగానే ఉంటుంది. మాట చెవిన పడదు కాబట్టి పలకడం రాదు, అంతే. వాళ్లు వాడే సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. ఏటా సెప్టెంబర్ 23న అంతర్జాతీయ సైగ భాషల దినోత్సవం కూడా జరుపుతారు.

అందుకే ‘డెఫ్ అండ్ డంబ్’ అనే పాత పిలుపును బధిరుల సంఘాలు వద్దంటున్నాయి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ‘డంబ్’ అనకుండా ‘మాట, భాషా వైకల్యం’ అనే చెబుతుంది.

మరి మనం ఏం చేయాలి? బధిరులు, వినికిడి లోపం ఉన్నవారు అందాం. ఎలా పిలిస్తే ఇష్టమో వాళ్లనే అడిగితే ఇంకా మంచిది. అసలు పేరు ఉండగా లోపంతో పిలవడం ఎందుకు? ఇక పిల్లల విషయం. ‘నువ్వు డంబ్’ అంటే బిడ్డ మొత్తానికి ముద్ర వేసినట్టే. ‘ఈ లెక్క తప్పింది బేటా, ఇంకోసారి చేద్దాం రా’ అంటే తప్పు ఒక్క లెక్క దగ్గరే ఆగిపోతుంది. పైగా ఇంట్లో విన్న మాటనే వాడు రేపు బడిలో పక్క పిల్లాడి మీద వాడతాడు. ఆ పక్క పిల్లాడు వినపడనివాడే కావచ్చు.