సమాంతర నిర్మాణం (ఆంగ్ల వ్యాకరణం)

సమాంతర నిర్మాణం అనగా ఒకే వాక్యంలో సమాన స్థాయి గల రెండు లేక అంతకంటే ఎక్కువ భావాలను ఒకే వ్యాకరణ రూపంలో చెప్పడం. ఆంగ్లంలో దీనిని ప్యారలల్ స్ట్రక్చర్ లేదా ప్యారలలిజం అంటారు. జాబితాలో మొదటి అంశం నామవాచకమైతే మిగిలినవి కూడా నామవాచకాలుగా, మొదటిది క్రియ అయితే మిగిలినవి కూడా అదే రూపంలోని క్రియలుగా ఉండాలన్నది దీని సారాంశం. ఉన్నత పాఠశాల విద్యార్థులు చిన్న చిన్న వాక్యాల నుండి పొడవైన వాక్యాలకు వచ్చేటప్పుడు ఈ నియమం యొక్క అవసరం ఎక్కువగా కనబడుతుంది. తెలుగు మాతృభాషగా గల విద్యార్థులకు ఇందులో కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు ఉన్నాయి. వాటికి కారణం అశ్రద్ధ కాదు, రెండు భాషల వాక్య నిర్మాణంలోని తేడా.

అర్థంపై ప్రభావం

సమాంతర నిర్మాణాన్ని వాక్యానికి అందం తెచ్చే అలంకారంగా మాత్రమే చూడడం సరికాదు. వాక్యార్థం దీనిపై ఆధారపడి ఉంటుంది. ఈ క్రింది రెండు వాక్యాలను గమనించండి.

1. "ద హెడ్‌మాస్టర్ టోల్డ్ ద బాయ్స్ టు క్లీన్ ద రూమ్ అండ్ లాక్ ద డోర్."
2. "ద హెడ్‌మాస్టర్ టోల్డ్ ద బాయ్స్ టు క్లీన్ ద రూమ్ అండ్ లాక్డ్ ద డోర్."

మొదటి వాక్యంలో "లాక్" అనే పదం "క్లీన్" అనే పదానికి జత. కావున గది శుభ్రం చేయవలసినదీ, తలుపుకు తాళం వేయవలసినదీ పిల్లలే. రెండవ వాక్యంలో "లాక్డ్" అనే భూతకాల క్రియ "టోల్డ్" అనే భూతకాల క్రియకు జత. కావున తాళం వేసినవాడు ప్రధానోపాధ్యాయుడు. పదం చివరనున్న ఒక్క ప్రత్యయం వలన పని చేసిన మనిషే మారిపోయాడు. చదివేవారు "అండ్" తరువాత వచ్చిన రూపాన్ని చూసి, దానికి జత ఏదో వెనుకకు వెళ్ళి వెతుక్కుంటారు. జత సరిగా లేకపోతే అర్థం తారుమారవుతుంది.

చరిత్ర

సమాన నిడివి గల వాక్య ఖండాలను ప్రక్కప్రక్కన పేర్చడం గురించి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన రెటరిక్ గ్రంథం మూడవ భాగంలో చర్చించాడు. ఆంగ్ల మతాచార్యుడు రాబర్ట్ లౌత్ 1753లో ప్రచురించిన హీబ్రూ కవిత్వ ఉపన్యాసాలలో "ఖండాల సమాంతరత" అనే భావనను వివరించాడు. ఆయనే 1762లో ఒక ఆంగ్ల వ్యాకరణాన్ని కూడా ప్రచురించాడు. అమెరికాలో విలియం స్ట్రంక్ 1918లో వెలువరించిన ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్ అనే చిన్న పుస్తకం, సమానమైన భావాలను సమానమైన రూపంలో చెప్పాలన్న సూత్రాన్ని రచనా నియమాలలో ఒకటిగా చేర్చింది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

జాబితాలలో: "ఐ లైక్ స్విమ్మింగ్, సైక్లింగ్ అండ్ టు రన్" అనేది లోపభూయిష్టం. "స్విమ్మింగ్, సైక్లింగ్ అండ్ రన్నింగ్" అని ఉండాలి.

"టు" వాడకంలో: "టు రీడ్, టు రైట్ అండ్ టు స్పీక్" సరైనది. "టు రీడ్, రైట్ అండ్ స్పీక్" కూడా సరైనదే. "టు రీడ్, రైట్ అండ్ టు స్పీక్" మాత్రం తప్పు. "టు"ను మొదట ఒక్కసారి వాడాలి, లేదా ప్రతి క్రియకూ వాడాలి.

విభక్తి స్థానీయాలలో (ప్రిపోజిషన్లు): "ఇన్ ద మార్నింగ్, ఆఫ్టర్‌నూన్ అండ్ ఎట్ నైట్" అన్నచోట మధ్య పదానికి ఆధారం లేదు. "ఇన్ ద మార్నింగ్, ఇన్ ది ఆఫ్టర్‌నూన్ అండ్ ఎట్ నైట్" అని వ్రాయాలి.

జంట సముచ్చయాలలో: "నాట్ ఓన్లీ - బట్ ఆల్సో", "ఐదర్ - ఆర్", "బోత్ - అండ్" వంటి జంటలలో మొదటి పదం తరువాత ఏ రూపం వస్తుందో, రెండవ పదం తరువాత కూడా అదే రూపం రావాలి. "షి ఈజ్ నాట్ ఓన్లీ క్లెవర్ బట్ ఆల్సో వర్క్స్ హార్డ్" అనే వాక్యంలో ఒకవైపు విశేషణం, మరొకవైపు క్రియ ఉన్నాయి. "నాట్ ఓన్లీ క్లెవర్ బట్ ఆల్సో హార్డ్‌వర్కింగ్" అంటే తూకం కుదురుతుంది.

పోలికలలో: "ద పాపులేషన్ ఆఫ్ హైదరాబాద్ ఈజ్ లార్జర్ దాన్ విశాఖపట్నం" అన్నప్పుడు జనాభాను నగరంతో పోల్చినట్లవుతుంది. "దాన్ దట్ ఆఫ్ విశాఖపట్నం" అని ఉండాలి.

తెలుగు విద్యార్థుల ఇబ్బందులు

తెలుగులో ఒక కర్త చేసిన పనులను వరుసగా చెప్పేటప్పుడు క్త్వార్థకాన్ని వాడతారు. "రవి నిద్ర లేచి, పాలు త్రాగి, బడికి వెళ్ళాడు" అన్న వాక్యంలో "లేచి", "త్రాగి" అసమాపక క్రియలు. "వెళ్ళాడు" ఒక్కటే సమాపక క్రియ. భూతకాలం ఆ చివరి క్రియలోనే కనిపిస్తుంది. ఆంగ్లంలో మూడు క్రియలూ కాలాన్ని చూపాలి: "రవి గాట్ అప్, డ్రాంక్ మిల్క్ అండ్ వెంట్ టు స్కూల్." తెలుగు పద్ధతిలో ఆలోచించే విద్యార్థి "రవి గెట్ అప్, డ్రింక్ మిల్క్ అండ్ వెంట్ టు స్కూల్" అని చివరి క్రియకు మాత్రమే కాలాన్ని తగిలించే అవకాశం ఉన్నది.

రెండవ ఇబ్బంది "అడం" చేరిన రూపంతో వస్తుంది. "నాకు ఈదడం, పరుగెత్తడం ఇష్టం" అన్నప్పుడు తెలుగులో ఉన్నది ఒకే రూపం. ఆంగ్లంలో దీనికి "స్విమ్మింగ్" అనీ, "టు స్విమ్" అనీ రెండు రూపాలు ఉన్నాయి. రెండింటి అర్థమూ ఒకటేనని నేర్చుకున్న విద్యార్థి ఒకే వాక్యంలో రెండింటినీ కలిపి వాడడం సహజం.

మూడవది పోలికకు సంబంధించినది. "హైదరాబాదు జనాభా విశాఖపట్నం కంటే ఎక్కువ" అని తెలుగులో వ్యవహారంలో అంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ అలవాటే ఆంగ్ల వాక్యంలోకి ప్రవేశిస్తుంది.

ఇంతమాత్రాన సమాంతరత తెలుగుకు పరాయిది కాదు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనే సామెతలో రెండు భాగాలూ ఒకే మూసలో ఉన్నాయి. సంయుక్త, సంక్లిష్ట వాక్యాలను విద్యార్థులు తెలుగు వ్యాకరణంలోనే చదువుకొని ఉంటారు. ఆ పరిజ్ఞానాన్ని ఆంగ్ల తరగతిలో వాడుకొని, ఏ రూపం ఎందుకు మారుతుందో మాతృభాషలో పోల్చి చూపితే పాఠం త్వరగా బోధపడుతుంది. తప్పు క్రింద ఎర్రగీత గీసి వదలివేస్తే విద్యార్థికి తప్పు జరిగిందని మాత్రమే తెలుస్తుంది, కారణం తెలియదు.

బోధనా పద్ధతులు

నిలువు వరుస పద్ధతి: వాక్యంలోని ఉమ్మడి భాగాన్ని నల్లబల్లపై ఎడమవైపు ఒకసారి వ్రాసి, జాబితాలోని అంశాలను కుడివైపు ఒకదాని క్రింద ఒకటిగా వ్రాయాలి. రూపం కుదరని అంశం కంటికి వెంటనే కనబడుతుంది.

విడదీసి చదవడం: ఉమ్మడి భాగాన్ని ప్రతి అంశంతోనూ విడిగా కలిపి చదవాలి. "ఐ ఎంజాయ్ రీడింగ్", "ఐ ఎంజాయ్ టు సింగ్" అని విడదీస్తే రెండవది చెల్లదని తెలుస్తుంది. కాని "ఐ లైక్ స్విమ్మింగ్", "ఐ లైక్ టు రన్" విడివిడిగా రెండూ సరైనవే. కలిపినప్పుడే లోపం వస్తుంది. అందువలన ఈ పద్ధతిని నిలువు వరుస పద్ధతితో జోడించి వాడాలి.

కుడి నుండి ఎడమకు: ముందుగా "అండ్", "ఆర్", "బట్" వంటి సముచ్చయాన్ని గుర్తించాలి. దాని కుడివైపు ఉన్న రూపమేమిటో చూడాలి. తరువాత ఎడమవైపు దానికి జతను వెతకాలి.

వాక్యాలను కలపడం: రెండు మూడు చిన్న వాక్యాలనిచ్చి ఒకే వాక్యంగా వ్రాయించడం. అమెరికాలో ఫ్రాంక్ ఓ'హేర్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ అభ్యాసం చేసిన ఏడవ తరగతి విద్యార్థుల రచన మెరుగుపడినట్లు తేలింది. స్టీవ్ గ్రాహం, డోలరెస్ పెరిన్ 2007లో వెలువరించిన రైటింగ్ నెక్స్ట్ నివేదిక కూడా రచనా బోధనలో ఉపయోగపడే పద్ధతులలో దీనిని చేర్చింది. నిర్వచనం కంఠస్థం చేయించడం కంటే వాక్యాలు వ్రాయించడం మేలని దీనినిబట్టి చెప్పవచ్చు.

రాజ్యాంగ ప్రవేశిక - ఒక ఉదాహరణ

1949 నవంబరు 26న ఆమోదం పొందిన భారత రాజ్యాంగ ప్రవేశిక ఆంగ్ల మూలం సమాంతర నిర్మాణానికి చక్కని ఉదాహరణ. పొడవైన ఆ ఒక్క వాక్యంలో ప్రజల సంకల్పం "కాన్‌స్టిట్యూట్", "సెక్యూర్", "ప్రమోట్" అనే మూడు క్రియలలో, ఒకే రూపంలో చెప్పబడినది. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అనే మూడు నామవాచకాలు రెండవ క్రియకు కర్మలు. న్యాయానికి మూడు విశేషణాలు, స్వేచ్ఛకు "ఆఫ్"తో కూడిన ఐదు నామవాచకాలు చేరాయి. సమానత్వం దగ్గర మాత్రం "ఆఫ్" రెండుసార్లు వాడారు.

1976లో 42వ సవరణ ద్వారా "సోషలిస్ట్", "సెక్యులర్" అనే పదాలను చేర్చినప్పుడు, అవి అక్కడున్న విశేషణాల వరుసలోనే ఒదిగిపోయాయి. "యూనిటీ" అనే నామవాచకం ప్రక్కన "ఇంటెగ్రిటీ" అనే నామవాచకం చేరింది. వాక్యంలోని మిగతా పదాలను కదిలించవలసిన అవసరం కలుగలేదు.

పరిమితులు

రూపం ఒకటిగా ఉండాలన్న నియమానికి మినహాయింపులు ఉన్నాయి. "హి వర్క్డ్ స్లోలీ అండ్ విత్ గ్రేట్ కేర్" అనే వాక్యంలో ఒకటి క్రియా విశేషణం, మరొకటి పదబంధం. అయినా వాక్యం సరైనదే. ఎందుకనగా రెండూ పని ఎలా జరిగిందో చెబుతున్నాయి. హడిల్‌స్టన్, పుల్లమ్ ప్రధాన రచయితలుగా 2002లో వెలువడిన ది కేంబ్రిడ్జ్ గ్రామర్ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్, జతపరచిన అంశాలకు వాక్యంలో ఒకే విధి ఉండడం ముఖ్యమని వివరిస్తుంది. అలాగే సమానం కాని భావాలను బలవంతంగా ఒకే మూసలో పోయకూడదు. కారణాన్ని, ఫలితాన్ని "అండ్"తో ప్రక్కప్రక్కన నిలిపితే రూపం కుదిరినా వాటి మధ్యనున్న సంబంధం మరుగున పడుతుంది.

పరీక్షలు, నిత్య వ్యవహారం

విదేశీ నిర్వహణ విద్యకై వ్రాసే జీమ్యాట్ పరీక్షలోని వాక్య సవరణ ప్రశ్నలలో సమాంతర నిర్మాణం చాలాకాలం ముఖ్యాంశంగా ఉండేది. 2023లో వచ్చిన ఫోకస్ ఎడిషన్‌లో ఆ ప్రశ్నలను తొలగించారు. పరీక్షల స్వరూపం మారినా నియమం యొక్క ఉపయోగం తగ్గలేదు. సెలవు చీటీ, ఉద్యోగ దరఖాస్తు, ప్రయోగశాల సూచనలు, పాఠశాల ప్రకటన, ఇవన్నీ జాబితాలతో కూడినవే. ఏ పని ఎవరు చేయాలో చదివినవారికి సందేహం కలగకుండా వ్రాయగలగడమే ఈ పాఠం వలన విద్యార్థికి కలిగే ముఖ్య ప్రయోజనం.